ఉచితం ఖరీదు

మా ఇంట్లో పిల్లలకి జ్వరమొస్తే అదో చిన్నపాటి పండగ. థర్మామీటరూ, హార్లిక్సూ, బత్తాయిరసమూ, పక్కవీధి డాక్టరుగారూ, "ఏం తిన్నావురా నాన్నా!" అంటూ మా అత్తగారూ అందరూ ఒక్కసారే దిగుతారు. మధ్యతరగతి జ్వరానికి ఆపాటి హోదా ఉంది మరి.

ఆ హోదా అన్నిచోట్లా ఉండదని అమ్రాబాద్‌లో చూశాను. నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల అడవిని ఆనుకున్న ఊరది. మా చెల్లెలు అక్కడ టీచరు. సెలవుల్లో వెళ్ళినప్పుడు ఓ పొద్దున దాంతో కలిసి అంగన్‌వాడీకి వెళ్ళాను. అక్కడి టీచరు ఓ ఏడాదిన్నర పిల్లాడి జబ్బకి రంగుల టేపు చుట్టి చూస్తోంది. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, 11.5కి తగ్గితే ఎరుపు. వీడిది ఎరుపు. సెంటీమీటర్లు మనకేం తెలుస్తాయి గానీ గాజుల లెక్కలో చెబుతాను. ఒకటిన్నర అంగుళాల గాజు వాడి జబ్బదాకా ఎక్కేస్తుంది! అలాంటివాడికి జబ్బు చేస్తే ఉన్న కాస్త కండా కరుగుతుంది. కండ కరిగితే మరో జబ్బు ఇట్టే పట్టుకుంటుంది. అప్పటికే వాడికి నాలుగు రోజులుగా దగ్గూ, జ్వరమూను.

అచ్చంపేట ఆస్పత్రికి తీసుకెళ్ళమంటే తల్లి నేలచూపులు చూసింది. నేను ఉండబట్టలేక, "అక్కడ డబ్బులడగరు కదమ్మా?" అన్నాను.

"పైసలడగరమ్మా. దినాలడుగుతరు" అంది.

నిజమే. పెద్ద జబ్బులకి 2007 నుంచీ ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరు నుంచీ ఆడవాళ్ళకి బస్సు టిక్కెట్టూ లేదు. (లోపలి చెంచుపెంటల వాళ్ళయితే ఆ బస్సుకోసమే అడవిదారిన నడిచి రావాలనుకోండి.) బాగా చిక్కిపోయిన పిల్లల్ని రెండు వారాలపాటు ఉంచుకుని, మందూ తిండీ చూసే కేంద్రాలున్నాయి. తోడుండే తల్లికి పోయిన కూలి ఇవ్వాలన్న నియమమూ ఉంది. కానీ ఆ రెండు వారాలూ ఇంట్లో మిగతా పిల్లలకి ఎవరు వండిపెడతారు? మేకల్నెవరు తోలతారు? మగడు హైదరాబాదులో మట్టిపనికి పోయాడాయె. మనకైతే ఏ అత్తగారో, ఆడపడుచో ఉంటారు. ఆమె అత్తగారు కూడా కూలికి పోతేనే పొయ్యి వెలిగేది.

"అమాసనాడు పనుండదు. గప్పుడు తీస్కపోత" అంది చివరికి.

గోడమీది క్యాలెండరు చూశాను. అమావాస్య ఇంకా పదకొండు రోజులుంది.

అంగన్‌వాడీ టీచరు మాత్రం క్యాలెండరు జోలికి పోలేదు. "మేకల్ని మా ఇంటిముందల కట్టెయ్యి. నడిపిదాన్ని నేను జూస్త. ఇయ్యాల్నే పో" అంది.

మధ్యాహ్నం బస్సుకి వెళ్ళారు. పిల్లాణ్ణి కొంగులో చుట్టుకుంది. సంచీలో నాలుగు జొన్నరొట్టెలు.