పెండ్లికి పిలవనొచ్చే దేవుడు

మా కొలిమిగుండ్ల వైపు పిల్లనియ్యాలంటే ఆడపిల్లోళ్ళు మొదట అడిగే మాట "నీళ్ళెట్ల?" అని. పొలం, ఇల్లు, ఉద్యోగం ఆ తర్వాతే. ఇది రాతి నేల. గోడకు నాపరాయి, నేలకు నాపరాయి, దొడ్డి చుట్టూ పాతేదీ నాపరాయే. బెలుం గుహలు మా మండలంలోవే. కోయిలకుంట్ల దాటి ఆళ్ళగడ్డ దారి పడితే కేసీ కాలువ కింద వరిమళ్ళు. ఇంకా తూర్పుకు పోతే నల్లమల. రాయి తీసేవాళ్ళు, మడి దున్నేవాళ్ళు, అడవిలో తేనె తీసేవాళ్ళు, అందరూ ఒకే జిల్లాలో ఉన్నారు. వీళ్ళ పిల్ల వాళ్ళ పిల్లోణ్ణి ఇష్టపడిందంటే మాత్రం రెండిళ్ళలోనూ పొయ్యి వెలగదు.

ఈ తంటా మనకన్నా ముందు పడినవాడు అహోబిలం నరసింహస్వామి. హిరణ్యకశిపుణ్ణి చీల్చి, కోపం చల్లారక అడవి పట్టుకుని తిరుగుతుంటే విల్లు పట్టిన చెంచుపిల్ల ఎదురైంది. ఆయన వైకుంఠం మనిషి. ఈమెది దుంపలు తవ్వుకుని, వేటాడుకుని బతికే కులం. దేవుడు కదా అని చెంచులు ఊరికే పిల్లనిచ్చేయలేదట. తేనె తీయగలవా, గడ్డలు తవ్వగలవా అని అడిగి, పనిలో పెట్టి చూశాకే ఒప్పుకున్నారని కథ చెబుతారు. ఇంట్లో ఆదిలక్ష్మి అలక సంగతి సరేసరి. సవతి వస్తానంటే ఏ ఇల్లాలు మాత్రం హారతి పడుతుంది?

ఈ వలపు కథ అందరికీ కావలసి వచ్చింది. అహోబిల మఠం పీఠమెక్కిన శఠగోప యతి, సన్యాసి అయ్యుండీ, దీన్ని 'వాసంతికా పరిణయం' అని సంస్కృతంలో నాటకం కట్టాడు. సినిమావాళ్ళు 'చెంచులక్ష్మి' అని 1943లో ఒకసారి, 1958లో అక్కినేని, అంజలీదేవిలతో మరోసారి తీశారు.

కథల్లో పెళ్ళితో శుభం పడుతుంది. అహోబిలంలో అలా కాదు. ఏటా ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాలకు, తన పెళ్ళికి రమ్మని స్వామే బయలుదేరతాడు. కనుమనాడు ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీ ఎక్కుతారు. చెంచులు విల్లెక్కుపెట్టి ఆ పల్లకీ మీదికే బాణాలు వేస్తారు. అల్లుణ్ణి అత్తింటివాళ్ళు సాగనంపే తీరు అది. అక్కణ్ణుంచి పారువేట మొదలు. నలభై రోజులకు పైగా ముప్పై పైచిలుకు ఊళ్ళు తిరుగుతారు.

ఆ ఊళ్ళలో ఒకదానికి మా మేనత్తను ఇచ్చారు. పల్లకీ వస్తుందంటే ఆమె తెల్లారకముందే వాకిలి కడిగి, ముగ్గేసి, టెంకాయ పళ్ళెంలో పెట్టుకుని నిలబడేది. "మొక్కుకున్నావా అత్తా?" అంటే కసురుకునేది. "మొక్కు సంగతి తర్వాతరా. పెండ్లికి పిలవనొచ్చినాడు. ఇంటికొచ్చి పిలిచినాక పోకుంటే మాట పడమూ?"

మఠం గుళ్ళో స్వామికి చక్రపొంగలి, పులిహోర. అదే స్వామి అడవి లోపల పావన నరసింహుడై, చెంచులక్ష్మి పక్కన కూర్చుంటాడు. జనం పాములేటి స్వామి అంటారు. అక్కడ యాటను కోసి మొక్కు తీర్చుకునే ఆనవాయితీ ఉంది. ఇటు మఠమూ దేవుణ్ణి వదులుకోలేదు, అటు చెంచులూ తమ తిండి మానుకోలేదు. పక్కన దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు వెంకటేశ్వరస్వామి గుడికొస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు, స్వామి తమ అల్లుడు. అల్లుడింటికి పోవడానికి వాళ్ళకెవరి అనుమతీ అక్కర్లేదు.

మా చుట్టాల్లో ఒక జంట ఉంది. అబ్బాయి వాళ్ళది నాపరాళ్ళ పాలిష్ పని, అమ్మాయి వాళ్ళది కాలువ కింది సేద్యం, కులాలు వేరు. చాన్నాళ్ళు రాకపోకల్లేవు. మనవరాలు పుట్టాక అమ్మాయి తండ్రి బియ్యం మూట భుజానేసుకుని దిగాడు. జొన్నరొట్టె, పప్పు పెట్టారు. మాట్లాడకుండా తిన్నాడు. నీళ్ళు తాగి, "ఉప్పగుండాయే" అన్నాడు. వియ్యపురాలు నవ్వింది. "మీరిచ్చిన పిల్ల ఇవే తాగుతాంది." ఆయన ఇంకో చెంబు అడిగి తాగాడు. క్షమాపణలు, కౌగిలింతలు ఏమీ లేవు. రాకపోకలు మాత్రం మొదలైనాయి.

కులాలే కాదు, మతాలే వేరైనవాళ్ళు మతం మారకుండా పెళ్ళాడాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముందు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేట్టు పెడతారు. అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజుల గడువు. దేవుడి పెళ్ళికి నలభై రోజులు ఊరూరా తిరిగి రమ్మని పిలుపు. మనుషుల పెళ్ళికి ముప్పై రోజులు గోడ మీద, వద్దనేవాళ్ళుంటే రమ్మని పిలుపు!

వలపు పుట్టడానికి పెద్దల సాయం ఏనాడూ అక్కర్లేదు. చుట్టరికం అట్లా దానంతటది పుట్టదు. ఎవరో ఒకరు గడప దిగి, అవతలివాళ్ళ వాకిట్లో నిలబడి, పెట్టింది తినాలి. ముందు పోయినవాడికి పరువు తక్కువని మావైపు పెద్దలు ఇంట్లో బిగదీసుకుని కూర్చుంటారు. ఏటా వాకిలి వాకిలికీ పోయి పిలిచే స్వామికి ఏ ఊళ్ళో పరువు తగ్గిందో వాళ్ళే చెప్పాలి.