అమ్మమ్మ మెడలోని పగడాలు

మేము కోనసీమవాళ్లం. సముద్రం మాకు దగ్గర, గోదావరి పాయ మరీ దగ్గర. మొన్నటి వేసవి సెలవులలో మనుమణ్ణి చూడాలని హైదరాబాదు వెళ్లాము. అల్లునికి హైటెక్ సిటీలో ఉద్యోగం, కాపురం ప్రగతినగర్‌లో.

ఒక సాయంత్రం కారులో వస్తూ అల్లుడు ఒక పెద్ద ఆవరణ చూపించి, "మామయ్యగారూ, మన ఊరికి సునామీ హెచ్చరికలు ఇక్కడి నుంచే వస్తాయి" అన్నాడు. మాకు నవ్వు వచ్చింది. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవలసిన ఊరు గదా ఇది! అది భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రమట. పొట్టిగా ఇన్‌కాయిస్ అంటారు. 1999లో ఏర్పడింది. చేపలు ఎక్కడ దొరికేదీ మా పడవలవాళ్లకు తెలియజేసేది కూడా వీరే. 2011 నుండి వీరు మరొక పని కూడా చేస్తున్నారని విని ఆశ్చర్యపడ్డాము. అండమాను, నికోబారు, లక్షద్వీపాలు, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖలలోని పగడపు దిబ్బల దగ్గర నీరు ఎంత వేడెక్కిందో ఉపగ్రహాల ద్వారా కనిపెట్టి హెచ్చరిస్తారట.

"తాతయ్యా, అమ్మమ్మ మెడలోని పగడాలు అక్కడివేనా?" అని మనుమడు అడిగాడు.

మేమూ అలాగే అనుకునేవాళ్లం. యోబు గ్రంథం 28వ అధ్యాయంలో ముత్యాల పక్కన పగడాల పేరు చదివినప్పుడెల్లా తాళిలోని ఆ ఎర్రని గింజలే మనసులో మెదిలేవి. కాని నగలలో వాడే ఎర్రపగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలోనిది. అది వెలుతురు తక్కువగా ఉండే చల్లని నీళ్లలో పెరుగుతుంది, దిబ్బలు కట్టదు. దిబ్బ కట్టేది దాని దాయాది.

ఆ దాయాది సంగతి విచిత్రమైనది. చూడడానికి రాయి, నిజానికి ప్రాణి. చాలావాటిలో ఒక్కొక్క జీవి గింజంత ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు నీళ్లలో ఈదుతూ వచ్చి, గట్టి రాయి దొరికితే అంటుకుంటుంది. ఇసుకలోనో బురదలోనో నిలువలేదు. సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకొని తన చుట్టూ గిన్నెవంటి గూడు కట్టుకుంటుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, పాతవాటి గూళ్లమీద కొత్తవి పెరుగుతాయి. బండలా ఎదిగే రకాలు సంవత్సరానికి ఒకటి రెండు సెంటీమీటర్లు కూడా దాటవు. కొమ్మల రకాలు మాత్రం పది వరకూ సాగగలవు.

దాని ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. ఎండ తగిలితే ఆ నాచు వండిపెడుతుంది, పగడం తింటుంది. అందుకే నీరు లోతు తక్కువగా, తేటగా ఉండాలి. ఉప్పదనం తగ్గకూడదు. వెచ్చదనం 18 డిగ్రీలకు దిగకూడదు. 23 నుండి 29 వరకూ దానికి హాయి. అయితే వేసవిలో ఉండే అత్యధిక వేడికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచిందా, ఆ నాచును బయటికి నెట్టివేస్తుంది. అప్పుడు తెల్లగా పాలిపోయి ఆకలితో అలమటిస్తుంది. 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. ప్రపంచమంతటా మళ్లీ అదే జరుగుతున్నదని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ప్రగతినగర్‌లో కూర్చున్నవాళ్లు కనిపెట్టేది ఈ ఒక్క డిగ్రీనే!

నడిసముద్రంలో లోతు నుండి దిబ్బలెలా లేచాయి? అగ్నిపర్వతపు దీవి మెల్లగా కుంగుతుంటే, దాని అంచున పగడం వెలుతురు కోసం పైపైకి కట్టుకుంటూ వస్తుందని 1842లో డార్విన్ వ్రాశాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ అనే చోట తవ్వి చూస్తే, 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటాకనే అగ్నిపర్వతపు రాయి తగిలింది.

"మరి మీ ఊళ్లో ఎందుకు లేవు? అలలను ఆపేవి గదా!" అన్నాడు మనుమడు. గోదావరి, నాయనా! వరదకాలంలో అది తెచ్చే మంచినీరు ఉప్పును పలుచన చేస్తుంది, బురద వెలుతురును మూసేస్తుంది. మా వరిచేలకు అన్నం పెట్టిన ఒండ్రే పగడానికి గిట్టదు. ఆ బురదలో పెరిగేవి మడచెట్లు. మా తీరానికి గోడ అదే.

ఆ గోడ గురించి వాడికి చెప్పకుండా ఉండలేకపోయాము. 1990ల మొదట్లో రొయ్యల చెరువుల మోజు వచ్చింది. కాలువ పక్కనున్న మా రెండెకరాలు కౌలుకిచ్చాము. మడచెట్లు నరికారు, డబ్బు ముందే ముట్టింది గనుక మేము వద్దనలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు కొబ్బరిచెట్లు కూలాయి, ఉప్పునీరు మా పెరటిలోకి వచ్చింది. వాడి తల్లిని, అప్పటికి చిన్నపిల్ల, భుజాలమీద ఎత్తుకొని డాబా ఎక్కాము. చెట్లుంటే నీరు రాకపోయేదని చెప్పలేము. అయినా ఆ రాత్రి మాకు చెట్లే గుర్తొచ్చాయి.

మనుమడు కాసేపు మాట్లాడలేదు. "క్రిస్మస్ సెలవులకు వస్తాను, ఆ స్థలం చూపించండి" అన్నాడు. సరేనన్నాము. రొయ్యలకు తెగులు తగిలి ఆ చెరువు ఏనాడో బీడుపడింది. గట్టుమీద ఇప్పటికీ ఒక్క మొక్క లేదు.