వాట్ల లెక్క



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల తర్వాత మీరు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, మావాడు గేమ్స్ ఆడటానికి మంచి కంప్యూటర్ కావాలని ప్రాణం తీస్తున్నాడు. ఏం చేయమంటారు?" ఇన్నాళ్లూ "కొంచెం కంట్రోల్‌లో పెట్టండి" అని చెప్పి తప్పించుకున్నాను. ఈ నెల మా ఇంట్లో జరిగిన సంగతే చెప్తాను. మా తమ్ముడి అనుమతి తీసుకునే రాస్తున్నాను.

2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం ఒక డెస్క్‌టాప్ కొన్నాం. కంపెనీ వాళ్లే అన్నీ బిగించి అమ్మే రెడీమేడ్ పెట్టె. ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్ డిస్క్. గ్రాఫిక్స్ కార్డు లేదు. అప్పుడు తమ్ముడు ఎనిమిదో తరగతి. పాఠాలు వినడానికి, పీపీటీలు చేసుకోవడానికి అది బాగానే పనిచేసింది. వాడు ఇంటర్‌కు వచ్చేసరికి మాత్రం దాన్ని చూసి విసుక్కునేవాడు. ఫోర్జా హొరైజన్ 4 అనే కారు రేసు ఆట పెడితే, కారు నడుస్తున్నట్టు ఉండేది కాదు, ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు ఉండేది.

2023 సెప్టెంబర్‌లో వాడి ట్యూషన్ నుంచి నాన్నకు ఫోన్ వచ్చింది. మూడు వారాలుగా సాయంత్రం క్లాసులకు రావడం లేదట. గంటకు ఇంత అని తీసుకుని ఆడనిచ్చే గేమింగ్ సెంటర్‌కు పోతున్నాడని తేలింది. ట్యూషన్ నోట్సు ఫ్రెండ్ దగ్గర కాపీ చేసుకుని రోజూ అమ్మకు చూపించేవాడు కూడా. ఆట ఆడినందుకు కాదు, ఆ నోట్సు చూపించినందుకు అమ్మ ఏడ్చింది. నాన్న ఒకటే మాట అన్నారు. "రేపే ఆ కంప్యూటర్ అమ్మేయండి."

నేను అడ్డుపడ్డాను. కంప్యూటర్ అమ్మితే వాడు ఆట మానడు, ఆడే చోటు మాత్రం మన కంటికి కనపడకుండా పోతుంది. దానికి బదులు ఇంట్లో ఉన్నదాన్నే కొంచెం బాగు చేద్దాం, హాల్లో అందరి ముందే ఆడతాడు అన్నాను. నాన్న "నీ జీతం, నీ ఇష్టం" అన్నారు. అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు.

తమ్ముడికి ఒక షరతు పెట్టాను. ఏం మార్చాలి, ఎందుకు మార్చాలి, ఎంత అవుతుంది అనేది నోట్‌బుక్‌లో రాసి చూపించాలి. రెండు రోజుల్లో నాలుగు పేజీలు రాశాడు. వాటిలో కొన్ని మీకూ పనికొస్తాయి.

మొదటిది, పైసా ఖర్చు లేని పనులు. మూడేళ్ల దుమ్ము దులపడం, కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతట అవే తెరుచుకునే ప్రోగ్రాములు ఆపడం, డ్రైవర్లు అప్‌డేట్ చేయడం. రెండోది ర్యామ్. మా దాంట్లో ఒకే ఒక 8 జీబీ కడ్డీ ఉంది. గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు బొమ్మ గీసే పనికి కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటారు. అదే స్పీడు ఉన్న రెండో కడ్డీ పెడితే రెండు దారుల్లో డేటా నడుస్తుంది. మూడోది ఎస్ఎస్‌డీ. దీనితో కంప్యూటర్, ఆట త్వరగా తెరుచుకుంటాయి కానీ, ఆడేటప్పుడు బొమ్మ కదిలే వేగం పెద్దగా పెరగదు. ఆ వేగం కావాలంటే నాలుగోది, గ్రాఫిక్స్ కార్డు, ఉండాల్సిందే.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

దసరా సెలవుల ముందు ఒక శనివారం ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి ప్యారడైజ్ దగ్గర దిగి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఒక్కదాన్నే వెళ్లాను. తమ్ముడికి సర్‌ప్రైజ్ ఇద్దామని. ర్యామ్ 1,800, ఎస్ఎస్‌డీ 2,600 అయ్యాయి. ఒక షాపులో సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1060 కార్డు 6,500కు వస్తుందంటే, ఆడించి చూపించమని అడిగి మరీ తీసుకున్నాను. చాలా తెలివిగా కొన్నాననుకున్నాను.

ఇంటికొచ్చి పెట్టె తెరిచాను. కార్డు అంచున ఆరు పిన్నుల సాకెట్ ఒకటి ఉంది. దానికి పవర్ సప్లై నుంచి వేరే వైరు రావాలి. మా పెట్టెలో అలాంటి వైరే లేదు. పోనీ పెద్ద పవర్ సప్లై కొందామంటే, మా కంప్యూటర్‌లో కంపెనీ వాళ్లు తమ సొంత కనెక్టర్లు పెట్టారు. బయట దొరికే మామూలు సప్లై దానికి కలవదు.

నేను మీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే టీచర్‌ని. పదో తరగతికి విద్యుత్ సామర్థ్యం పాఠం చెప్పేటప్పుడు వాట్ అంటే ఏమిటో బోర్డు మీద రాసేది నేనే. ఆ నేనే వాట్లు చూడకుండా కార్డు కొన్నాను. సిగ్గేసింది. కార్డును డబ్బాతో సహా బీరువాలో చుడీదార్ బట్టల కింద దాచేశాను. ఇంట్లో ర్యామ్, ఎస్ఎస్‌డీ మాత్రమే తెచ్చానని చెప్పాను.

నాలుగో రోజు తమ్ముడు ఛార్జర్ వెతుకుతూ బీరువా తెరిచాడు. డబ్బా పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. గట్టిగా కూడా అనలేదు. "అక్కా, నేను దాస్తే అబద్ధం. నువ్వు దాస్తే ఏంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అన్నాల దగ్గర అందరి ముందు జరిగింది చెప్పేశాను. నాన్న కోప్పడతారనుకున్నాను. ఆయన చేయి కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, "ఆ పెట్టె ఇటు తే బిడ్డా" అన్నారు.

మా నాన్నది మోటారు వైండింగ్ షాపు. ముప్పై ఏళ్లుగా కరెంటుతోనే ఆయన పని. కంప్యూటర్ గురించి ఆయనకేం తెలుసులే అని నేనూ తమ్ముడూ ఒక్కసారి కూడా ఆయన్ని అడగలేదు. ఆయన టార్చి వేసి పవర్ సప్లై మీది లేబుల్ చదివారు. 210 వాట్లు.

"మీ కార్డు ఎంత తాగుతది?"

"120" అన్నాడు తమ్ముడు.

"ప్రాసెసర్?"

"65."

"ఫ్యాన్లు, డిస్కు, బోర్డు అన్నీ కలిపి ముప్పై వేసుకో. ఎంతయింది?"

215. లెక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు. తమ్ముడే చెప్పాడు. నాన్న నవ్వారు. "వైరు లేకపోవుడే మంచిదైంది. ఏ మోటారునైనా గొంతు దాకా లోడు పెట్టి నడపొద్దు. కొంత మిగలాలె."

ఆ రాత్రి వాళ్లిద్దరూ ఒకే నోట్‌బుక్ మీద వంగి కూర్చున్నారు. సెప్టెంబర్ తర్వాత వాళ్లు ఒకరితో ఒకరు నాలుగు మాటలు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

మదర్‌బోర్డు మీది గ్రాఫిక్స్ స్లాట్ తనంతట తాను 75 వాట్ల దాకా ఇవ్వగలదు. ఆ లోపల నడిచే కార్డయితే వేరే వైరు అక్కర్లేదు. జీటీఎక్స్ 1650 అలాంటిదే, 75 వాట్లు. కానీ అందులోనూ కొన్ని మోడళ్లకు ఆరు పిన్నుల సాకెట్ ఉంటుంది, చూసి తీసుకోవాలి. పెట్టె సన్నగా ఉంటే పొట్టి కార్డు మాత్రమే పడుతుంది, స్కేలుతో కొలుచుకోవాలి. మాది మామూలు సైజు పెట్టె కాబట్టి ఆ బాధ లేదు. కొత్త లెక్క 170. సప్లైలో 40 మిగులుతుంది. నాన్న సరే అన్నారు.

ఆ ఆదివారం ముగ్గురం వెళ్లాం. షాపు అతను పాత కార్డును 4,500కు వెనక్కి తీసుకున్నాడు. 1650 కార్డుకు 7,500 అయింది. అంటే నా తొందరకు 2,000 ఫీజు. మొత్తం ఖర్చు 13,900. ఆ ఫీజుతో సహా అన్నీ తమ్ముడు నోట్‌బుక్‌లో రాశాడు.

సాయంత్రం నాన్న షాపు నుంచి బ్లోయర్ తెచ్చారు. ప్లగ్ తీసేసి, ఫ్యాన్ గిర్రున తిరగకుండా వేలితో పట్టుకుని దుమ్ము ఊదారు. తమ్ముడు కార్డు బిగించాడు. ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉంది. వాడి ముఖం వాడిపోయింది. ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డ అమ్మ, "వెనక అట్లాంటి రంధ్రమే ఇంకోటి ఉంది కదరా, దాంట్లో పెట్టి చూడు" అంది. నిజమే. మానిటర్ కేబుల్‌ను పాత చోటే పెట్టాం. కొత్త కార్డుకు పెట్టగానే వెలిగింది.

అంతకుముందు సెట్టింగులన్నీ తగ్గించినా సెకనుకు పాతిక ముప్పై ఫ్రేములు దాటని ఆట, ఇప్పుడు మంచి క్వాలిటీలో అరవై దగ్గర నిలబడింది. మా మానిటర్ 60 హెర్ట్జ్‌ది, అంతకు మించి వచ్చినా కంటికి కనపడదు. అందుకే ఇంకా ఖరీదైన కార్డు గురించి తమ్ముడే మాట్లాడలేదు.

దీంతో వాడు బుద్ధిమంతుడైపోయాడని చెప్పను. శని, ఆదివారాలు రెండేసి గంటలు అని నియమం పెట్టుకున్నాం. ఇప్పటికీ "ఇంకో పది నిమిషాలక్కా" అంటాడు, ఇప్పటికీ అమ్మ స్విచ్ దగ్గరికి నడుస్తుంది. కానీ యూనిట్ టెస్టుల వారంలో ఒక రోజు నాన్న షాపు నుంచి రాగానే, ఎవరూ అడగకుండానే, "నాన్నా, ఇయ్యాల గంట ఆడిన" అని చెప్పాడు. నాన్న "సరే, ఇప్పుడు చదువు" అన్నారు. అంతే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. కొనే ముందు, అమ్మేసే ముందు, మీ పిల్లలతో కలిసి ఒకసారి ఆ పెట్టె తెరిచి చూడండి. లేబుల్ చదివించండి, లెక్క రాయించండి. వాళ్లు ఆడే ఆటకు ఏ వయసు వారికని రాసి ఉందో కూడా చూడండి. జీటీఏ 5 మీద 18 అని ఉంటుంది, దానికి ఏ కార్డు కొన్నా మన పిల్లలకు కాదు. "మాకు కంప్యూటర్ తెలియదు మేడం" అని మాత్రం అనకండి. మీరు మోటారు కట్టి ఉండవచ్చు, కుట్టుమిషన్ నడిపి ఉండవచ్చు, ఇంటి బడ్జెట్ ఏళ్ల తరబడి అంచు దాటకుండా లాగి ఉండవచ్చు. ఆ లెక్కే ఇక్కడా కావాలి.

ఈ నెల పదో తరగతి పిల్లలకు ఒక హోంవర్క్ ఇస్తున్నాను. ఇంట్లో మిక్సీ, ఇస్త్రీపెట్టె, టీవీ, కంప్యూటర్ లేబుళ్లు చదివి వాట్లు రాసుకురావాలి. మీరూ పక్కన కూర్చోండి. తప్పు వస్తే దాచకుండా తీసుకురమ్మనండి. వాళ్ల టీచర్‌ది కూడా ఒకటి ఉందని చెప్పండి.