ఎనిమిది వారాల పుట్టిల్లు

ఇంట్లో ల్యాబ్, అదే ల్యాబ్రడార్ కుక్క, ఈనిందని వీధిలో ఒక్కరికి తెలిస్తే చాలు, ఇక మన ఫోనుకి తెరిపి ఉండదు. పిల్లలింకా కళ్ళు తెరవకముందే వాకబులు మొదలవుతాయి. మగదా ఆడదా, ఏ రంగు, ఎప్పుడిస్తారు? ఈ మూడింటితో సరి. తెల్లది కావాలనేవాళ్ళే ఎక్కువ. ల్యాబుల్లో తెలుపంటూ వేరే లేదండీ, పసుపు రంగే లేత మీగడ నుంచి నక్క రంగు దాకా రకరకాలుగా ఉంటుంది అని చెప్పినా, "అదేలెండి, అందులోనే బాగా తెల్లగా ఉన్నది" అంటారు. పెళ్ళి ప్రకటనల్లో చూసీ చూసీ నోటికి అలవాటైపోయిన మాట కుక్కల దాకా వచ్చేసింది. పిల్లల తల్లి మా బూరె పేరుకు తగ్గట్టు బూరె రంగుదే. క్రాసింగ్‌కి చూసిన మగకుక్క మాత్రం కారునలుపు. పిల్లల్లో సగానికి పైగా నల్లవే పుట్టాయి. తండ్రిలో పైకి కనబడని పసుపు జన్యువు ఒకటి దాగి ఉండబట్టి మిగతావి తల్లి రంగులో వచ్చాయి. నల్లవి కూడా అంతే చురుకైనవి, అంతే తిండిపోతులు. అయినా వాటిని అడిగే నాథుడు లేడు.

ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది. "ఇది కుక్కర్ విజిల్ విన్నదా?" నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

మొదటి రెండు వారాల్లో మనం చేయగలిగింది తక్కువ. మొదట్లో కళ్ళు మూసుకునే ఉంటాయి, చెవులు వినబడవు, ఒంటి వేడిని తమంతట తాము నిలుపుకోలేవు. తల్లి నాలుకతో తుడిస్తే తప్ప ఒంటికీ రెంటికీ కూడా పోలేవు. పాత నేతచీరలు పరిచిన పెట్టెలో తల్లిని అంటుకుని పడుకుంటాయి, పాలు తాగుతాయి. గుర్తుకోసం మెడలో ఒక్కోదానికి ఒక్కో రంగు ఊలుదారం కట్టి, వంటింటి కాటా మీద రోజూ తూచి రాసుకోవడమే మన పని. పుట్టినప్పుడు నాలుగొందల గ్రాములకు అటూ ఇటూ ఉన్నది, పది రోజులు తిరిగేసరికి దాదాపు రెట్టింపవ్వాలి. బరువు పెరగడం ఆగిందంటే డాక్టరుకి ఫోను చేయాల్సిందే. మా అత్తయ్య ఈ హడావిడంతా చూసి, "పదకొండో రోజు పురుడు కూడా చేస్తావా ఏమిటే?" అని వేళాకోళమాడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కళ్ళు విడతాయి. విడిన తర్వాత రోజుకోసారి వచ్చి చూసిపోయే ఆవిడ పూటకోసారి రావడం మొదలుపెట్టింది.

అసలు కథ మూడోవారంలో మొదలవుతుంది. చెవులు తెరుచుకుంటాయి. ఉన్నట్టుండి ఇల్లంతా చప్పుళ్ళమయం అవుతుంది వాటికి. మన ఇళ్ళు మామూలు ఇళ్ళా! పొద్దున్నే కుక్కర్ కూతలు, మిక్సీలో కొబ్బరి పచ్చడి, గేటు దగ్గర దభీమని దించే గ్యాస్ సిలిండరు, గుళ్ళో మైకు, సందు చివర ఆటో, కరెంటు పోతే ఎదురింటి జనరేటరు. మనం ఏళ్ళ తరబడి విని వినడం మానేసినవే ఇవన్నీ. పిల్లకి మాత్రం ప్రతిదీ కొత్త. అందుకని ఆ పెట్టెను మూడోవారంలో వెనకగది నుంచి తెచ్చి వంటింటి గడప అవతల పెట్టాను. మొదటిసారి విజిల్ వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారి ఉలిక్కిపడి, ముద్దలా ఒకదాని మీదొకటి పడ్డాయి. బూరె తల కూడా ఎత్తలేదు. తల్లి అలా నిబ్బరంగా పడుకుని ఉండటం కూడా పాఠమే. మూడో కూతకి ఎర్రదారంది తల పక్కకి వంచి విన్నది. వారం గడిచేసరికి విజిల్ వస్తుంటే వాటి నిద్రకు కూడా భంగం లేదు.

మిక్సీతో కొంచెం జాగ్రత్తపడాలి. ముందు మూసిన తలుపు అవతల, ఆ తర్వాత అవి తింటున్నప్పుడు అదే గదిలో. భయపడి నక్కుతున్నదాన్ని పట్టుకొచ్చి చప్పుడు పక్కన కూర్చోబెడితే భయం పోదు, స్థిరపడుతుంది. దీపావళి టపాకాయల రికార్డింగు వినీవినబడనంత మెల్లగా పెట్టి, రోజులు గడిచేకొద్దీ పెంచుకుంటూ పోవాలి. మన ఊళ్ళలో కుక్కలు ఎక్కువగా పారిపోయి తప్పిపోయే రాత్రి అదే కదా.

కుక్కపిల్ల మనసుకి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది అనేది శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ప్రయోగశాలలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే ముగ్గురు కాకర్ స్పానియల్, బీగిల్ పిల్లల్ని ఎత్తయిన కంచె వేసిన పొలాల్లో, మనిషి కంటబడకుండా పెంచారు. కంచె కంతలోంచే తిండి. కొన్నిటిని రెండోవారంలో, కొన్నిటిని మూడు, అయిదు, ఏడు, తొమ్మిదో వారాల్లో బయటికి తెచ్చి వారంపాటు మనుషుల మధ్య ఉంచి మళ్ళీ అక్కడికే పంపారు. పద్నాలుగు వారాల దాకా మనిషి పొడే తెలియకుండా ఉండిపోయినవి ఆ తర్వాత ఎంత లాలించినా దగ్గరికి రాలేదు, అడవి జంతువుల్లా బెదిరిపోయాయి. ఈ ఫలితాలు 1961లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. అక్కడే పనిచేసిన స్కాట్, ఫుల్లర్ 1965లో పెద్ద పుస్తకమే రాశారు. మూడోవారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా చూసినవీ విన్నవీ లోకంలో మామూలు విషయాలుగా పిల్ల మనసులో పడతాయి. ఆ గడువులో సగానికి పైగా అది పుట్టిన ఇంట్లోనే గడుస్తుంది. అంటే కొనుక్కెళ్ళినవాళ్ళు పదేళ్ళు పన్నెండేళ్ళు సాకబోయే కుక్క స్వభావంలో కొంత భాగం, వాళ్ళు దాని మొహం కూడా చూడకముందే మన వరండాలో తయారైపోతుంది.

అందుకే, ఎనిమిది వారాలు నిండి కొత్త ఇళ్ళకి వెళ్ళేలోపు మిగిలిన ఆ అయిదు వారాలూ మా వరండాకి పిలుపులు పంపాను. వచ్చినవాళ్ళంతా చెప్పులు బయటే విడిచి, చేతులు కడుక్కుని రావాలని షరతు. చేతికర్రతో నడిచే పక్కింటి మాస్టారు, గాజులు గలగలలాడించే పనమ్మాయి, బుర్ఖా వేసుకున్న కిందింటి ఆంటీ, హెల్మెట్ తీయకుండా నిలబడమని బతిమాలుకున్న కొరియర్ కుర్రాడు, బడి వదిలాక వాలిపోయే పిల్లల దండు. పిల్లలకి ఒకటే నియమం: నేల మీద కూర్చోవాలి, ఎత్తుకోకూడదు, కుక్కే ఒళ్ళోకి రావాలి. మనిషి అంటే ఒకే వాసన, ఒకే ఆకారం కాదని కుక్కపిల్లలకి తెలిసేది ఇలాగే. ఇంటివాళ్ళను తప్ప ఎవర్నీ చూడకుండా పెరిగిన ల్యాబ్ పెద్దయ్యాక లుంగీ కట్టుకున్న ప్రతివాణ్ణీ చూసి మొరుగుతుంటే, "మంచి కాపలా" అని మురిసిపోయేవాళ్ళున్నారు. అది కాపలా కాదు, భయం.

కాళ్ళ కింద నేల కూడా మారుతుండాలి. మనకి ఎక్కడ చూసినా నున్నటి గ్రానైటు, టైల్సు. బొద్దుగా ఉండే ల్యాబ్ పిల్ల వాటి మీద జారుతూ పెరగడం, అసలే తుంటి కీళ్ళ జబ్బు ఎక్కువున్న ఈ జాతికి మంచిది కాదు. బూరెకి రెండేళ్ళు నిండాక తుంటి ఎక్స్‌రే తీయించి, బాగుందన్నాకే క్రాసింగ్ మాట ఎత్తాం. పిల్లల కోసం గోనెసంచులు, కొబ్బరిపీచు పట్ట, ఇసుక పళ్ళెం, తడిగడ్డి అన్నీ పరిచాం. వీధిలోకి మాత్రం దించలేదు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ తగ్గుతూ, టీకా ఇంకా పూర్తిగా పట్టని ఆ వయసులో పార్వో వైరస్ నేలమీదే కాచుకుని ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకోటి చొప్పున పదహారు వారాల దాకా వేయించాలి. అందాకా బజారు చూపించాలంటే చంకనెత్తుకునో, బుట్టలో పెట్టుకునో తిప్పాలి. కూరగాయల బండి దగ్గర నా బుట్టలోకి తొంగిచూసి, "వంకాయలనుకున్నానమ్మా" అన్నాడు బండబ్బాయి. నల్లవే ఉన్నాయిలెండి అందులో.

వచ్చే ఫోన్లలో నాకు చిరాకు తెప్పించేది ఒకటుంది. "నెల నిండింది కదా, ఇచ్చెయ్యండి. చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా మాలిమి అవుతుంది." సంతల్లో, దుకాణాల్లో ముప్ఫై రోజుల పిల్లల్ని అమ్మీ అమ్మీ జనానికి అదే సరైన వయసనిపించేలా చేశారు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటాయి. నిబంధన సంగతి అలా ఉంచండి, ఆ రెండో నెలలో పిల్ల నేర్చుకునేదేమిటో ఒక్క పూట కూర్చుని చూస్తే తెలుస్తుంది. పచ్చదారంది ఎర్రదారందాని చెవి పట్టుకుంది. పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. ఎర్రది కీచుమని అరిచి, ఆట మానేసి, తిరిగి చూడకుండా వెళ్ళి నీళ్ళగిన్నె పక్కన కూర్చుంది. పచ్చదారం నిలబడి చూసింది. వెనకాలే వెళ్ళింది, ముందుకాళ్ళు వంచి పిలిచింది. కాసేపటికి మళ్ళీ పట్టు మొదలైంది గానీ ఈసారి చెవి మీద నోరు ఆనింది, పన్ను దిగలేదు. ఎంత గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుందో దానికి నేర్పగలిగింది తోడబుట్టినవే, కాస్త తల్లి. నెలకే విడదీసిన పిల్ల ఆ పాఠం కొత్త ఇంట్లో చంటిపిల్లాడి చేతి మీద నేర్చుకుంటుంది.

తిండి సంగతి పొడుగ్గా చెప్పక్కర్లేదు. నాలుగోవారం నుంచి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టిన పప్పీ ఫుడ్డు, రెండోవారం నుంచి పదిహేను రోజులకోసారి నులిపురుగుల మందు. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకి వస్తాయి కాబట్టి ఇంట్లోనే పుట్టాయిగా అని మానెయ్యడానికి వీల్లేదు. కాకపోతే ల్యాబ్ ఆకలి గురించి ఒక్క మాట. 2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు ల్యాబుల్లో దాదాపు నాలుగోవంతు వాటికి, కడుపు నిండిందని చెప్పే వ్యవస్థకి సంబంధించిన పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించిందని కనిపెట్టారు. కాబట్టి అది జాలిగా చూసిన ప్రతిసారీ ఆకలి అనుకుని పెరుగన్నం పెట్టకండని తీసుకెళ్ళేవాళ్ళకి చెప్తాను. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ పనికిరావని కాగితం మీద రాసిస్తాను. మామిడి టెంక కింద రెండు గీతలు గీస్తాను. పేగులో అడ్డంపడితే కడుపు కోయాల్సిందే.

ఇక ఇళ్ళు చూడటం. మామూలుగా కొనేవాళ్ళు వచ్చి పిల్లను ఎంచుకుంటారు. మా దగ్గర తిరకాసు. పగలు రెండింటికి ఇంట్లో ఎవరుంటారు, అపార్ట్‌మెంట్ అయితే ఎన్నో అంతస్తు, పండక్కి ఊరెళ్తే ఎక్కడ వదుల్తారు అని మేమే పెళ్ళివారిలా ఆరాలు తీస్తాం. న్యూఫౌండ్లాండ్ చేపల రేవుల్లో చల్లటి నీళ్ళలోకి దూకి వలలు లాక్కొచ్చిన కుక్కల సంతతి ఇది. దీని దళసరి బొచ్చుకి మన మే నెల శిక్ష. డాబా మీద రేకులషెడ్డు ఉందండీ అని గర్వంగా చెప్పినాయనకి మంచినీళ్ళిచ్చి పంపించేశాను. "ఇంట్లో ఒంటికి పోతే కొడితే చాలుగా, నేర్చుకుంటుంది" అన్నావిడకి భారతంలో సరమ అనే కుక్క కథ గుర్తుచేశాను. జనమేజయుడి యాగం దగ్గర ఆడుకుంటున్న దాని పిల్లను రాజుగారి తమ్ముళ్ళు ఊరికే కొడితే, ఆ తల్లి నేరుగా రాజు దగ్గరికే వచ్చి ఏం తప్పు చేసిందని నిలదీసి శపించింది. అంతటి రాజూ ఆ శాపం పోగొట్టే పురోహితుడి కోసం వెతుక్కుంటూ తిరిగాడు. ఆవిడ నవ్వేసింది. మళ్ళీ ఫోను చేయలేదు, మంచిదే.

ఎవరికి ఏ పిల్ల అనేది కూడా నేనే చెప్తాను. గలాటా చేసే పచ్చదారం ఇద్దరు మగపిల్లలున్న ఇంటికి, ఆలోచించి అడుగేసే ఎర్రదారం రిటైరైన దంపతులకి. అదీ నల్లదే. వాళ్ళు రంగు అడగలేదు. వెళ్ళేటప్పుడు సంచిలో వారానికి సరిపడా అదే తిండి, టీకా కార్డు, పెట్టెలో పరిచిన చీరలోంచి చించిన ముక్క ఉతక్కుండా పెడతాను. మొదటి రాత్రి ఏడుస్తుంది, మంచం పక్కనే పడుకోబెట్టుకోండి, చెయ్యి అందుబాటులో ఉంచండి అని చెప్తాను. ఎప్పుడైనా సాకలేకపోతే వీధిలో వదలకుండా, వేరేవాళ్ళకి ఇవ్వకుండా మా ఇంటికే తేవాలని ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకుంటాను. మగపిల్లల తండ్రి ఆ కాగితం చూసి, "కట్నం కూడా రాశారా మేడమ్ ఇందులో?" అన్నాడు. కట్నం లేదు గానీ, ఎండాకాలం డాబా మీద కట్టెయ్యనని కింద ఇంకో వాక్యం ఉంది, చదివి సంతకం పెట్టమన్నాను.