తొగుట దారుల్లో ఇల్లు మోసే బండి

కారవాన్ అనే మాట మాకు మదరసాలో ఫార్సీ పాఠాల ద్వారా పరిచయం. ఒంటెలు, గుర్రాలు, సరకుల మూటలు, వాటి వెంట నడిచే బాటసారులు – అదంతా కలిపి కారవాన్. హైదరాబాదులో గోల్కొండ దారిలోని కార్వాన్ పేట ఒకప్పుడు వర్తకుల బిడారులు దిగిన చోటు. 1671లో కట్టిన టోలీ మసీదు నేటికీ అక్కడ నిలిచి ఉంది. ఆ మాటే పడమటి దేశాలకు పోయి, తల తెగి, 'వ్యాన్' అయి మన ఊళ్లకు తిరిగి వచ్చింది. తెలుగువారిలో ఎక్కువమంది ఇల్లులాంటి బండిని మొదట చూసింది 1982లో. ఎన్టీ రామారావు పాత షెవ్రోలే వ్యానును మార్పించి 'చైతన్యరథం' అని పేరు పెట్టి, అందులోనే తిని, అందులోనే పడుకుని ఊరూరా తిరిగారు. బండి నడిపింది కుమారుడు హరికృష్ణ. ఆ తరువాత కారవాన్ అంటే సినిమా తారలదే అన్న అభిప్రాయం స్థిరపడింది.

తొగుటలో మేము చూసిన కారవాన్ తారలది కాదు, ఒక వృద్ధురాలిది.

తొగుట సిద్దిపేట జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లా ఏర్పడేవరకు మెదక్ జిల్లాలో ఉండేది. హైదరాబాదు నుండి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారిని వదలి పడమటికి తిరిగితే పల్లెదారులు, పత్తి చేలు, వరి మడులు, కూడవెల్లి వాగు. ఇప్పుడు వీటన్నిటినీ మించి కనబడేది మల్లన్నసాగర్ కట్ట. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైన ఈ జలాశయం సామర్థ్యం 50 టీఎంసీలు. ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ వంటి గ్రామాలు దీని కింద మునిగిపోయాయి. ఆ ఊళ్లవారికి గజ్వేల్ పక్కన కాలనీ కట్టి ఇళ్లు ఇచ్చారు.

మేము చెప్పే కుటుంబం అలా గజ్వేల్ చేరినదే. ఇంటి పెద్ద, మనుమలందరికీ నానీ, మోకాళ్లు పనిచేయక మంచం పట్టారు. ఆమె భర్త ఖబర్ ఉన్న నేల నీటి కింద ఉంది. నెలకు రెండు మూడుసార్లయినా కట్ట దగ్గరకు వెళ్లి, ఆ నీటి వైపు తిరిగి దుఆ చేసుకోవాలన్నది ఆమె కోరిక. కూర్చుని ప్రయాణం చేయలేరు. అందుకని మనుమలు ఒక డీజిల్ వ్యాను కొని, రవాణా శాఖ అనుమతి తీసుకుని, వెనుక సీట్లు తీసి మంచం, నీళ్ల పీపా, చిన్న పొయ్యి, మరుగుదొడ్డి అమర్చారు. అనుమతి మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నామంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి వీలులేదు. ఈ సంగతి తెలియక చేతిలో పనిముట్టు పట్టినవారు మనలో చాలామంది.

ఒకనాడు వారితో పాటు మేమూ బయలుదేరాము. తొగుట చేరబోతుండగా డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం వెలిగింది. నడుపుతున్న మనుమడు మా వైపు చూసి, "హజ్రత్, ఇది నెలలో మూడోసారి. మెకానిక్ సైలెన్సర్‌లో ఉన్న డబ్బానే తీసి పారేద్దాం, ఇక దీపం రాదంటున్నాడు" అన్నాడు. వెనుక నుండి నానీ, "దీపం రాకుంటే రోగం పోయినట్టా, బేటా?" అని అడిగారు. ఆమెకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఇటువంటి విషయాల్లో అనుభవం ఉన్నవారు.

ఆ డబ్బా ఏమిటో తెలిస్తే ఆ దీపం భాష కూడా తెలుస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బీఎస్-6 ప్రమాణం అమలులోకి వచ్చింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుండి 10కి తగ్గింది. పొగలోని మసిని పట్టుకునే జల్లెడ ఒకటి సైలెన్సర్ దారిలో చేరింది. పట్టిన మసిని ఆ జల్లెడ తానే కాల్చుకుని శుభ్రపడుతుంది. కానీ కాలడానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి బండి ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తేనే వస్తుంది. మా బండి నడక చూడండి: కాలనీ నుండి కట్టదాకా గతుకుల దారి, బర్రెల మంద ఎదురైతే ఆగడం, వడ్లు ఆరబోసిన చోట పక్కకు తప్పుకోవడం. కట్ట దగ్గర నానీకి ఉక్కపోయకుండా ఏసీ కోసం గంటసేపు ఇంజను ఆన్‌లోనే. నిలబడి తిరిగే ఇంజను పొగలో వేడి ఉండదు, మసి మాత్రం ఉంటుంది. జల్లెడ నిండక ఏమవుతుంది? దోషం డబ్బాది కాదు, అది కోరే నడకకూ మేము నడిపే నడకకూ పొత్తు కుదరకపోవడం. దాన్ని పీకివేస్తే దీపం ఆరుతుంది. ఆ మసి మాత్రం బడికి పోయే పిల్లల ఊపిరితిత్తులకు చేరుతుంది. పైగా అది కాలుష్య నియమాలకు విరుద్ధం.

కనుక ఇటువంటి బండి కొనదలచినవారు ఇంధనం ఎంచుకునేటప్పుడు లీటరు ధర ఒక్కటే చూడరాదు, తాము నడవబోయే దారిని చూడాలి. అజ్మీరు, గుల్బర్గా వంటి దూరప్రయాణాలు తరచుగా చేసే కుటుంబానికి డీజిల్ యోగ్యమైనది. బరువు లాగుతుంది, మైలేజీ ఇస్తుంది. ఊరి చుట్టూ పది ఇరవై కిలోమీటర్లు తిరిగేవారికి పెట్రోలు బండి శాంతం. అయితే ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఐదోవంతు వరకు ఇథనాల్ ఉంటోంది. లీటరుకు దాని శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ గనుక మైలేజీ కొంత తగ్గుతుంది. అది తేమను పీల్చుకుంటుంది గనుక నెలల తరబడి కదలని బండిలో నిలవ పెట్టరాదు. పాత బండ్ల రబ్బరు గొట్టాలకూ అది పడదు, కొనేముందు బండి పుస్తకం చదవాలి. సీఎన్‌జీ చవక, కానీ సిలిండరు స్థలం తింటుంది, దారిలో నింపే చోటు ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

డీజిల్ బండ్లలో చాలావాటికి డెఫ్ అనే ద్రవం కూడా కావాలి. దీనికి వేరే ట్యాంకు, నీలం మూత ఉంటాయి. శుద్ధజలంలో 32.5 శాతం యూరియా కలిపితే అది డెఫ్. ఈ మాట వినగానే రైతు ఇళ్లలో ఒక ఆలోచన పుడుతుంది: కొట్టంలో యూరియా బస్తా ఉన్నది కదా! దయచేసి ఆ పని చేయవద్దు. పొలం యూరియాకు 2015 నుండి వేపనూనె పూత వేస్తున్నారు. ఆ పూత, అందులోని ఇతర మలినాలు, బోరునీటిలోని లవణాలు కలిసి పొగను శుద్ధిచేసే భాగాన్ని పాడుచేస్తాయి. దాని ఖరీదులో ఎన్ని డెఫ్ డబ్బాలు వస్తాయో లెక్క వేసుకోండి. డెఫ్ అడుగంటితే బండి ముందు హెచ్చరిస్తుంది, తరువాత బలం తగ్గిస్తుంది, చివరకు ఒకసారి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. వేసవి ఎండలో బండి వెనుక డబ్బా నిలవ ఉంచితే అది చెడిపోతుంది, చల్లని మూలన పెట్టాలి. పొరపాటున డెఫ్ డీజిల్ ట్యాంకులో పడినా, డీజిల్ బండిలో పెట్రోలు పడినా తాళం తిప్పవద్దు. ఇంజను కదలకముందే ట్యాంకు ఖాళీ చేయిస్తే నష్టం అక్కడితో ఆగుతుంది. పెట్రోలు గొట్టం సన్ననిది, డీజిల్ మూతిలో సులువుగా దూరుతుంది. బంకులో దిగి నిలబడి చూడడం నామోషీ కాదు. వడపోత కాగితం అడిగి పెట్రోలు చుక్క పరీక్షించడం, ఐదు లీటర్ల కొలతతో కొలిపించడం వినియోగదారుని హక్కు.

దీపాల విషయం. ఎరుపు అంటే ఆగు. నూనె డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే ఇంజనాయిల్ ఒత్తిడి పడిపోయిందని అర్థం. పక్కకు తీసి వెంటనే ఆపాలి, "ఆ మలుపు దాకా" అనరాదు. నీటిలో ఉష్ణమాపకం గుర్తు ఎర్రబడితే ఇంజను మరుగుతోంది. ఆపి చల్లబడేదాకా కూర్చోవాలి, వేడిమీద రేడియేటరు మూత తీస్తే ముఖం కాలుతుంది. బ్యాటరీ గుర్తు వెలిగితే చార్జింగ్ లేదన్నమాట. కొన్ని ఇంజన్లలో నీటి పంపునూ అదే బెల్టు తిప్పుతుంది, కనుక వేడి ముల్లు మీద కన్నుంచి దగ్గరి గ్యారేజీకి చేరాలి. పసుపు అంటే గడువు ఇచ్చిందని అర్థం. ఇంజను బొమ్మ నిలకడగా వెలిగితే నెమ్మదిగా పోయి స్కానరుతో కోడ్ చదివించాలి. పెట్రోలు బండిలో అది మినుకు మినుకుమంటే మండని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతోంది, వేగం తగ్గించి ఆపడమే మేలు. వానాకాలంలో డీజిల్‌లో నీరు చేరినట్లు దీపం వస్తే ఫిల్టరు అడుగున ఉన్న మర వదులుచేసి నీరు తీసేయవచ్చు. దీపం ఆర్పడానికి బ్యాటరీ తీగ పీకడం మాత్రం ఎక్కడ చూసినా ఉన్న అలవాటు. దానితో మెకానిక్ చదవవలసిన జ్ఞాపకం చెరిగిపోతుంది.

ఇల్లులాంటి బండి గనుక ఇంకొక ప్రమాదం ఉంది, దానికి దీపం కూడా ఉండదు. ఇంజను ఆన్ చేసి, అద్దాలు మూసి, లోపల నిద్రపోవడం. లీకైన పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పొయ్యి గ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే నేలమీదే పేరుకుంటుంది. కనుక గాలి పోయే రంధ్రం కింద కూడా ఉండాలి, పైన కిటికీ తెరిస్తే చాలదు. ఆ మనుమడితో మేము పంతంపట్టి చేయించిన మార్పు ఇదొక్కటే: కట్ట దగ్గర ఇంజను ఆపివేయడం, ఏసీ బదులు ప్రత్యేక బ్యాటరీతో ఒక ఫ్యాను.

ఆ రోజు పని ముగిశాక సిద్దిపేట గ్యారేజీలో కోడ్ చదివించారు. జల్లెడ నిండింది కానీ చెడలేదు. యంత్రంతోనే మసి కాల్పించి, డబ్బా అలాగే ఉంచి పంపారు. ఇప్పుడు వారు నెలకు ఒకసారి కట్టకు నేరుగా పోవడం లేదు. తెల్లవారుఝామున ఫజర్ తరువాత ప్రజ్ఞాపూర్ దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి, ఆగకుండా సిద్దిపేట వైపు సాగి, అక్కడి నుండి తొగుటకు మళ్లుతున్నారు. దారి ఎక్కువైందని మనుమడి గొణుగుడు. నానీకి మాత్రం ఆ చుట్టుదారి నచ్చింది. పెళ్లయిన కొత్తలో సిద్దిపేట సంతకు బండి కట్టుకుని వచ్చిన దారి ఎక్కడ కలుస్తుందో మంచం మీద నుండి అద్దంలో వెతుకుతూ వస్తారట.