మా కూతగాడిని ఇచ్చేశాం



నేను ఈ గ్రూపులో ఎక్కువగా చదివేవాణ్ణే గానీ రాసేవాణ్ణి కాదు. ఈ పోస్టు కొంచెం పెద్దది, ముందే చెప్తున్నా. కబడ్డీ అంటే ఇష్టం లేనివాళ్ళు కూడా ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఆదివారం లోపు నాకు మీ మాట కావాలి.

మాది బుట్టాయగూడెం మండలంలో ఒక కోయ ఊరు. జీడిమామిడి తోటల పక్కన ఒక నేల ఉంది, అదే మా కోర్టు. వానాకాలం బురద, ఎండాకాలం రాయి. చిన్నప్పుడు మేం దాన్ని చెడుగుడు అనేవాళ్ళం. 2014 జూలైలో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి. టీవీలో లైట్లు, మ్యాటు, బూట్లు చూసి "ఇది మన ఆటేనా?" అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. తెలుగు టైటాన్స్ మొదటి ఏడు సొంత మ్యాచ్‌లు విశాఖలో ఆడింది. ఆ టీమ్‌లో రాహుల్ చౌదరి అని ఒక రైడర్. ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ వాడు, తెలుగు ముక్క రాదు. అయినా మావాడే. పొద్దున్న బడి గ్రౌండ్‌లో ఎవడు కూతకెళ్ళినా "నేను రాహుల్ రా" అనే వెళ్ళేవాడు. ఆరు సీజన్లు వాడు టైటాన్స్ జెర్సీలోనే ఉన్నాడు.

ఈ లీగ్‌లో ఆటగాళ్ళని వేలంలో కొంటారని మీకు తెలుసు. 2018లో రాహుల్‌ని వేరే టీమ్ పాడుకున్నా, అదే రేటుకి వెనక్కి తీసుకునే ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డు వాడి టైటాన్స్ వాళ్ళు 1.29 కోట్లకి నిలబెట్టుకున్నారు. 2019 వేలంలో మాత్రం వదిలేశారు. తమిళ్ తలైవాస్ 94 లక్షలకి పట్టుకుపోయింది. అదే వేలంలో మనవాళ్ళు 1.45 కోట్లు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చారు. అతను అంతకుముందు ఏడు యు ముంబాకి 36.4 లక్షలకి వచ్చి, ఒక్క సీజన్లో ఎక్కడికో వెళ్ళిపోయినవాడు.

అప్పుడు నేను రాజమండ్రి హాస్టల్లో ఇంటర్. ఆ జూలైలో సీజన్ హైదరాబాద్‌లో మొదలైంది. మొదటి రోజు టైటాన్స్, యు ముంబా. కొత్త హీరో మా దగ్గరున్నాడు, ఇంక చూస్కోండి అని నేను అరుస్తా ఉన్నా. అతన్ని పోగొట్టుకున్న ముంబా వాళ్ళే గెలిచారు. మర్నాడు తమిళ్ తలైవాస్‌తో మ్యాచ్. రాహుల్ మన మీదకే కూతకొచ్చాడు. మనల్ని చిత్తు చేశారు. హాస్టల్లో ఆ రాత్రి ఎవడూ సరిగా అన్నం తినలేదు. చింతూరు వైపు నుంచి వచ్చిన ఒక అన్న మాత్రం "పోనీలేరా, ఒకడి మీద ఎన్నేళ్ళు ఆధారపడతారు?" అన్నాడు. నాకు భలే కోపం వచ్చింది. గోదావరి గట్టు మీద కూర్చుని రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం. వార్డెన్ తిట్టాడు కూడా.

తర్వాత ఏం జరిగిందో కబడ్డీ చూసేవాళ్ళకి తెలుసు. 2021-22 సీజన్లో సిద్ధార్థ్ గాయంతో కూర్చున్నాడు, టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. ఆ తర్వాతి ఏడు రెండు. 2023లో పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్లు పెట్టారు, అప్పటిదాకా లీగ్‌లో అంత రేటు ఎవరికీ పలకలేదు. ఆ సీజన్లో కూడా రెండే గెలుపులు! ఇంకో ఏడు ఉంచుకున్నారు, ఏడో స్థానం. 2025లో పవన్ తలైవాస్‌కి వెళ్ళిపోయాడు. ఇంక ఈ టీమ్ అయిపోయినట్టే అనుకున్నాం. విజయ్ మలిక్ కెప్టెన్‌గా, భరత్ హూడా రైడింగ్‌తో ప్లేఆఫ్స్‌కి వెళ్ళి మూడో స్థానంలో నిలిచింది. చింతూరు అన్నకి ఫోన్ చేస్తే "చెప్పానా?" అన్నాడు. ఆరేళ్ళు దాచుకున్నాడు ఆ మాట.

మన కబడ్డీలో ఆటగాణ్ణి వదిలేస్తే వేలంలో ఖర్చు పెట్టుకోడానికి పర్సులో డబ్బు మిగులుద్ది, అంతే. అమెరికాలో లెక్క వేరే. వాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తడం, అడ్డంపడి పడగొట్టడం. చూస్తే మన కూతకే దగ్గరగా ఉంటది. అక్కడ కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్ళని టీములు ఏటా వరసలో ఎంచుకుంటాయి, ఆఖరున నిలిచిన టీమ్‌కి మొదటి ఛాన్సు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ ఛాన్సుని వస్తువులాగా మార్చుకోవచ్చు కూడా. పోయిన ఆగస్టులో డల్లాస్ కౌబాయ్స్ మైకా పార్సన్స్ అని 26 ఏళ్ళ వాళ్ళ పెద్ద స్టార్‌ని గ్రీన్ బే టీమ్‌కి ఇచ్చేసింది. బదులుగా వచ్చింది కెన్నీ క్లార్క్ అనే ఒక ఆటగాడు, 2026లో ఒకటి, 2027లో ఒకటి మొదటి రౌండ్ ఛాన్సులు. అంటే ఇంకా ఎవరో కూడా తెలియని ఇద్దరు కుర్రాళ్ళు. కళ్ళముందున్నవాణ్ణి ఇచ్చి, పేరు లేని ఇద్దర్ని తెచ్చుకోవడం. అభిమానులు గోల గోల చేశారు. డిసెంబర్లో గ్రీన్ బేకి ఆడుతూ పార్సన్స్ మోకాలు పోయింది. అప్పుడు కొందరు "చూశారా, మంచి పనే చేశాం" అన్నారంట. ఒకడి మోకాలు పోతే మనకి లెక్క సరిపోయిందనుకోవడం నాకు నచ్చలేదు. కానీ నేనూ అలా అనుకున్న రోజులున్నాయి, కింద చెప్తా.

ఇది చదివినప్పుడే నాకు 2023 సంక్రాంతి గుర్తొచ్చింది.

మా టీమ్‌లో మా బాబాయి కొడుకు రైడర్. అప్పటికి 17 ఏళ్ళు. బక్కగా ఉంటాడు, కానీ లైన్ దాటాడంటే కాళ్ళు ఎక్కడున్నాయో కనపడదు. చెయ్యి ఆడించి తాకడం వాడి స్పెషల్. నేను లెఫ్ట్ కార్నర్, కెప్టెన్ని కూడా. కెప్టెన్ అంటే ఎంట్రీ ఫీజు పోగేసేవాణ్ణి, ట్రాలీ ఆటో మాట్లాడేవాణ్ణి అని అర్థం. ఆ సంక్రాంతికి డెల్టాలో ఒక టోర్నమెంట్‌కి వెళ్ళాం. ఒక పక్క కోడి పందాలు, ఒక పక్క మైకులో పాటలు, మధ్యలో కబడ్డీ. సెమీస్ దాకా వెళ్ళాం. తమ్ముడు ఒక్కడే ఒక మ్యాచ్‌లో పదిహేను పాయింట్లు తెచ్చాడు. మిగతా ఆరుగురం వాడు తెచ్చిన పాయింట్లకి కాపలా కాశాం, నిజం చెప్పాలంటే అంతే.

వారం తిరక్కుండా ఆ వైపు టీమ్ పెద్దాయన బండి వేసుకుని మా ఊరొచ్చాడు. చాలా మర్యాదస్తుడు. "ఏవండీ, మీ కుర్రాడిని మాకు పంపించండి. తిండి, గది, చదువు అన్నీ మేం చూసుకుంటాం. మ్యాటు మీద కోచింగ్ ఇప్పిస్తాం. ఊరికే కాదండీ, వచ్చే రెండేళ్ళూ ఏడాదికొకడు చొప్పున మీ ఊరి చిన్న పిల్లల్ని ఇద్దర్ని కూడా తీసుకుని తయారుచేస్తాం" అన్నాడు. టీమ్‌కి ఏడు జతల బూట్లు కూడా ఇస్తానన్నాడు.

ఆ రాత్రి చింత చెట్టు కింద కూర్చున్నాం. సగం మంది వద్దన్నారు. వాడు పోతే మనకి టీమే లేదు, వాళ్ళు మన పిల్లోడితోనే మనల్ని ఓడిస్తారు అని. పెద్దాయన ఒకాయన "మన టేకు పోయింది, ఇసక పోయింది, ఇప్పుడు పిల్లల్ని కూడా అడుగుతున్నారా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. ఇంకో సగం మంది అన్నది కూడా నిజమే. ఇక్కడుంటే వాడికేముంది? నేల మీద ఎంత ఆడినా కాగితం రాదు. స్పోర్ట్స్ కోటా అంటాం గానీ, దానికి జిల్లా సెలెక్షన్, రాష్ట్ర స్థాయి, ఆ సర్టిఫికెట్లు కావాలి. సెలెక్షన్ ఎప్పుడో మనకి తెలిసేసరికి అయిపోయి ఉంటది. అప్పుడే 2022లో జిల్లాలు మారాయి, పశ్చిమ గోదావరి అనుకున్నవాళ్ళం ఏలూరు జిల్లా అయిపోయాం. ఏ ఊళ్ళో ఎవర్ని అడగాలో కూడా తెలీదు. ఆయన దగ్గర ఆ దారులన్నీ ఉన్నాయి.

నేను పంపిద్దాం అన్నాను. వాడి మంచి కోసమే అని అందరికీ చెప్పాను. అందులో సగమే నిజం. రెండో సగం ఏంటంటే, ఆ ఇద్దరు పిల్లలు తయారై తిరిగొస్తే మూడేళ్ళలో మన టీమ్‌ని ఎవడూ ఆపలేడని లెక్క వేసుకున్నాను. బూట్లు కూడా లెక్కలో ఉన్నాయి. సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నా.

తమ్ముడు వెళ్ళాడు. బూట్లు వచ్చాయి, ఏడు జతలు అన్నది అయిదు వచ్చాయి, అన్నీ తొమ్మిదో నంబరే. మొదటి ఏడు చెప్పినట్టే ఒక చిన్నోణ్ణి తీసుకెళ్ళారు. నాలుగు నెలలకి వాడు తిరిగొచ్చేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. "అక్కడ నన్ను పేరు పెట్టి పిలవరు, ఏజెన్సీ అని పిలుస్తారు" అన్నాడు. ఈ గ్రూపులో హాస్టళ్ళలో చదివినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. రెండో ఏడు ఫోన్ రాలేదు. మేం చేస్తే "ఈసారి కుదర్లేదండీ" అన్నారు. కాగితం మీద ఏం రాసుకోలేదు కదా, ఏమని అడుగుతాం?

మా టీమ్ 2024 సంక్రాంతికి మొదటి మ్యాచ్‌లోనే ఇంటికొచ్చేసింది. ఆ ఏడు వేసవిలో తమ్ముడి చీలమండ బెణికి రెండు నెలలు కూర్చున్నాడని తెలిసినప్పుడు, నా మనసులో మొదట వచ్చిన మాట "అయితే తిరిగొచ్చేస్తాడేమో" అని. పైన కౌబాయ్స్ అభిమానుల్ని అన్నాను కదా, అందుకే అన్నాను.

2025 సంక్రాంతికి రెండో మ్యాచ్ వాళ్ళ టీమ్‌తోనే పడింది. వాడు కూతకొచ్చాడు. ఒళ్ళు పెరిగింది, భుజాలు వచ్చాయి. నా వైపే వచ్చాడు. వాడి కుడికాలు ఎప్పుడు ముందుకొస్తదో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, సరిగ్గా అదే టైమ్‌కి చీలమండ మీద పడ్డాను. వాడు ఆ కాలు పెట్టలేదు. మ్యాటు మీద నేర్పించారు కదా, మార్చుకున్నాడు. నన్ను తాకి, ఇంకొకణ్ణి కూడా తాకి వెళ్ళిపోయాడు. మా ఊరి నుంచి వచ్చినవాళ్ళే ముందు చప్పట్లు కొట్టారు, తర్వాత గుర్తొచ్చి ఆపేశారు. తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడాం. అయినా అంతకుముందు ఏడాది మీద బాగానే ఆడాం, ఒప్పుకోవాలి. వాడున్నన్నాళ్ళూ కూతకెళ్ళడానికి భయపడ్డ ఇద్దరు ఇప్పుడు బాగా వెళ్తున్నారు. తప్పక నేర్చుకున్నారు.

ఆ రాత్రి వాడు మాతోనే ట్రాలీ ఆటో ఎక్కి ఊరొచ్చాడు. పిన్ని నాటుకోడి కూర చేసింది. తిన్నాక అరుగు మీద పడుకుని అడిగాను, "అక్కడ బాగుందా రా?" అని. బాగుందన్నాడు. జిల్లాకి ఆడాడు, ఒక సర్టిఫికెట్ వచ్చింది, ఇంకోటి రావాలి. డిగ్రీ చదువుతున్నాడు. ఆ తర్వాత కొంచెంసేపాగి, "చింత చెట్టు కింద అంతసేపు మాట్లాడుకున్నారు కదా అన్నా. నేను ఇంట్లోనే ఉన్నా. ఒక్కళ్ళైనా వచ్చి నీకెలా ఉందిరా అని అడుగుతారేమో అని చూశాను" అన్నాడు.

వెళ్ళనని చెప్పేవాడివా అన్నాను.

"వెళ్ళేవాణ్ణే. కానీ నేనే వెళ్ళేవాణ్ణి కదా" అన్నాడు.

ఇది జరిగి ఏడాది అయింది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న పండక్కి మా టీమ్‌లో ఒక కొత్త కుర్రాడు ఆడాడు. 15 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. తమ్ముడికంటే పాదం చురుకు. సంక్రాంతి అయిన నాలుగో రోజే అదే పెద్దాయన నుంచి ఫోన్. అదే మర్యాద, అదే మాట, ఈసారి బూట్లు కరెక్ట్ సైజువి పంపిస్తానన్నారు. తమ్ముణ్ణి అడిగితే "పంపమనీ చెప్పను, వద్దనీ చెప్పను. వచ్చేముందు నాకు ఫోన్ ఇవ్వండి, వాడితో నేను మాట్లాడతా" అన్నాడు.

ఆదివారం పొద్దున్న కూర్చుంటున్నాం. ఆ కుర్రాణ్ణి, వాళ్ళమ్మని, తమ్ముడికి ఫోన్ కలిపి అందరినీ కూర్చోబెడుతున్నాం. నేను ఒక కాగితం రాస్తున్నా: పదో తరగతి ఎక్కడ చదువుతాడు, ఫీజు ఎవరు కడతారు, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, నెలకి ఎన్నిసార్లు ఇంటికి పంపుతారు, సెలెక్షన్‌కి ఏ జిల్లా తరఫున వెళ్తాడు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వచ్చేయొచ్చా. పేరు పెట్టి పిలవాలి అని కూడా రాశాను, నవ్వకండి. మా ఊరికి ఏమిస్తారు అన్న లైను రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. ప్రస్తుతానికి కొట్టేసే ఉంది.

ఇలా స్పోర్ట్స్ హాస్టళ్ళకో, టౌన్ టీములకో వెళ్ళినవాళ్ళు ఈ గ్రూపులో ఉన్నారని తెలుసు. వెళ్ళే ముందు ఏం అడిగి ఉంటే బాగుండేదో కింద రాయండి. రంపచోడవరం వైపు అన్నలు, వాలీబాల్‌కి వెళ్ళిన మీ ఊరి పిల్లల సంగతి కూడా చెప్పండి. శనివారం రాత్రి దాకా చూస్తూనే ఉంటా, మా ఊళ్ళో సిగ్నల్ దొరికే చోటు ఒకటే, జీడిమామిడి తోట గట్టు మీద.