నాలుగు కొక్కెములు

నేను ఎత్తునకు జడియువాడను. గండికోటలో పెన్న కోసిన లోయ సుమారు 300 అడుగుల లోతు. జమ్మలమడుగు ప్రాంతమున ఇన్నేండ్లు సేవ చేసియు నేను ఆ బండ అంచున ఎన్నడును నిలువలేదు. అట్టి నేను 54వ యేట 13,000 అడుగుల ఎత్తున విమానపు తలుపు చెంత కూర్చుంటిని.

2024 జనవరిలో దుబాయిలో పనిచేయు మా చిన్నవానిని చూడబోయితిని. వాడు ముందుగానే రుసుము కట్టి, "నాయనా, ఈ ఎడారిని నీవు ఆకాశము నుండి చూడాల" అనెను. కట్టిన సొమ్ము తిరిగి రాదని తెలిసి ఒప్పుకొంటినే గాని, ధైర్యము చేత కాదు.

అల్ అయిన్ పోవు బాటలో మర్ఘాము కడ ఆ స్థలమున్నది. అది జంట దుముకు. ఈ పద్ధతి 1980 దశకమున అమెరికాలో ఏర్పడెను. పారాషూట్ల సంచి నేర్పరి వీపున నుండును. అందులో పెద్దది యొకటి. అది విచ్చకున్న యెడల మరియొకటి. ఎవరును లాగకున్నను తగిన ఎత్తున ఆ రెండవదానిని తెరచు యంత్రమును కలదు. క్రొత్తవాని వీపును నేర్పరి రొమ్మునకు నాలుగు కొక్కెములతో తగిలింతురు: భుజముల యొద్ద రెండు, నడుము ప్రక్కల రెండు.

విమానము పైకి పోవుచుండగా నా నోరెండెను. అప్పుడు మా సంఘములోని ఒక విధవరాలు జ్ఞాపకమునకు వచ్చెను. కువైటునకు పోయిన ఆమె యొక్కగానొక్క కుమారుని యొద్దనుండి నాలుగు నెలలుగా ఫోను లేదు. నేను ఆమె గుమ్మములోనే నిలిచి, "భయపడకమ్మా, దేవుని నమ్ముము" అని చెప్పి, గడియారము చూచుకొని వేరొక కూటమునకు పోయియుంటిని. ఆ మాట ఎంత బరువైనదో విమానపు తలుపు తెరచినప్పుడు తెలిసెను.

నా నేర్పరి "భయపడకుము" అని ఒక్కసారియు అనలేదు. నాలుగు కొక్కెములను ఒక్కొక్కటిగా లాగి చూచెను, మరల చూచెను. పిమ్మట నాతో కూడ దూకెను.

దూకిన వెంటనే అతడు చిన్న పారాషూటు నొకదానిని వదలెను. ఇద్దరి బరువు చేత వేగము మితిమీరకుండ అది పట్టియుంచును. అయినను గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగమున ఒక నిమిషము పడితిమి. ఆ గాలి హోరులో నా ప్రార్థన నాకే వినబడలేదు. పెద్ద పారాషూటు విచ్చుకొనగానే అంతయు నిశ్శబ్దమాయెను. క్రింద ఎఱ్ఱని ఇసుక తిన్నెలు, వాటిపై గాలి గీసిన గీతలు, వేసవిలో మన పెన్న వలె కనబడెను. నా రెండు చేతులు రొమ్ము మీది పట్టీలను బిగబట్టియుండెను. అయితే ఆ పట్టు వలన నేను నిలువలేదు. వెనుకనున్న కొక్కెములే నన్ను మోసెను.

ఊరు చేరిన మరునాడే ఆ తల్లి యింటికి పోయి, "అమ్మా, ఆ దినమున గుమ్మములో నిలిచి చెప్పిన మాటకు నన్ను క్షమింపుము" అంటిని. ఆమె, "అట్లనొద్దండి అయ్యగారూ, కూర్చోండి" అని మంచము వాల్చెను. ఆ పూట నేను ప్రసంగింపలేదు. ఆమె చెప్పుచుండగా వింటిని. కువైటులోనున్న ఊరివారి నంబర్లు వెదకి ఇద్దరమును ఫోను చేసితిమి. ఆ కుమారుని గొంతు వినుటకు ఇంకను పదునొకండు దినములు పట్టెను. ప్రతి సాయంకాలము ఆ మంచము మీద కూర్చుంటిని.

ప్రియులారా, భయములోనున్నవానికి నేలమీద నిలిచి కేక వేయకుడి. మన ప్రభువు పైనుండి మాట మాత్రము పంపలేదు. తానే దిగివచ్చెను గదా.